కార్మికవాడ కూల్చి కొత్త ఇళ్లు కట్టిస్తామంటే సంతకానికి ముందు ఏం చూసుకోవాలి?

మిల్లు మూతపడింది, వాడంతా కూల్చి అపార్ట్‌మెంట్లు కడతామంటున్నారు, ఒప్పుకోవచ్చా అని అడిగారు. ఒప్పుకోవచ్చు. కానీ ఇల్లు ఎన్ని అడుగులన్నదానికంటే ముందు రెండు సంగతులు తేల్చుకోండి: ఏది ఎప్పుడు కూలుస్తారు, కట్టాక నిర్వహణ ఖర్చు ఎవరిది.

ఇంగ్లండులో న్యూకాజిల్ నగరంలోని బైకర్ అనే పాత కార్మికవాడను 1970లలో అక్కడి కార్మికుల కోసమే తిరిగి కట్టారు. వాస్తుశిల్పి రాల్ఫ్ ఎర్స్కిన్ బృందం వాడలోనే ఆఫీసు పెట్టుకుని జనం మాట విన్నది. అయినా పాతవాళ్లలో ఐదో వంతు మందికి కూడా అక్కడ ఇల్లు దక్కలేదు. కట్టడం కంటే కూల్చడం ముందు పరుగెత్తింది, ఈలోగా జనం చెదిరిపోయారు. ఇంత మంచి ఉద్దేశంతో చేసినచోటే ఇలా అయిందంటే, మాట మీద నమ్మి ఇల్లు వదలకూడదు. ఖాళీ జాగాలో మొదటి బ్లాకు లేచాక, ఎన్ని కొత్త ఇళ్ల తాళాలు చేతికొస్తే అన్ని పాత ఇళ్లు మాత్రమే ఖాళీ చేస్తామని ఒప్పందంలో రాయించండి. అది కుదరకపోతే బయట ఉండే కాలానికి అద్దె ముందే బ్యాంకులో జమ చేయించండి. గడువు దాటితే అద్దె పెరగాలి.

రెండో సంగతి, నిర్వహణ ఖర్చు గురించి అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరం చెబుతుంది. అక్కడి ప్రూయిట్-ఐగో అనే ప్రభుత్వ ఇళ్ల సముదాయంలో 11 అంతస్తుల భవనాలు 33. కట్టడానికి ప్రభుత్వం డబ్బిచ్చింది, మరమ్మతులు మాత్రం అద్దెల మీదే నడవాలి. ఊళ్లో జనం తగ్గి ఇళ్లు ఖాళీ అయ్యేసరికి ఆ డబ్బు చాలలేదు. లిఫ్టులు చెడిపోయాయి, పైపులు పగిలాయి, ఉన్నవాళ్లూ వెళ్లిపోయారు. 1954లో జనం చేరిన చోట 1972లో కూల్చివేత మొదలైంది. కాబట్టి లిఫ్టు, నీటి మోటారు, ట్యాంకు శుభ్రం, కాపలా, రంగులు, అన్నీ కలిపి నెలకు ఇంటికెంత పడుతుందో కాగితం మీద లెక్క అడగండి. ఆ భారం మోయలేనివాళ్లే కొత్త ఇల్లు అమ్ముకుని వెళ్లిపోతారు. నిర్వహణ నిధి మీ సంఘం పేరున ఉండాలి, వడ్డీ మాత్రమే వాడేలా.

విస్తీర్ణం గోడకూ గోడకూ మధ్య కొలతగానే రాయించండి. మెట్లు, వసారా కలిపిన అంకె చూసి మోసపోవద్దు.

సర్వే రోజున అద్దెకున్నవాళ్లు, వేరుకాపురం పెట్టిన కొడుకులు, ఇంట్లోనే కుట్టుమిషను నడుపుకునేవాళ్లు జాబితాలో లేకుండా పోతారు. వేరే చోటికి పంపితే మొదట పోయేది వీళ్ల బతుకుతెరువే. ఇంటి ముందు, లోపల ఫొటోలు తీసి, పేర్లు, చేసే పని రాసి ఇచ్చి, రసీదు తీసుకోండి. జాబితాను గోడకు అంటించి, అభ్యంతరాలకు గడువు ఇచ్చేదాకా ఎవరూ విడివిడిగా సంతకం పెట్టొద్దు.