‘గ్లిబ్‌సీ 2.34 దొరకలేదు’ ఎర్రర్‌కు సమాధానం

మీ ఉబుంటు 22.04 ల్యాప్‌టాప్‌లో బిల్డ్ చేసిన పైథాన్ ఎక్స్‌టెన్షన్ (సీ కోడ్‌తో చేసిన మాడ్యూల్), క్లయింట్ ఉబుంటు 20.04 సర్వర్‌లో ‘గ్లిబ్‌సీ 2.34 దొరకలేదు’ అంటోందన్నారు కదా. టెన్షన్ పడకండి, తప్పు మీ సీ కోడ్‌ది కాదు. గ్లిబ్‌సీ అంటే లినక్స్ ప్రోగ్రాములు ఆధారపడే మూల సీ లైబ్రరీ. మీ దగ్గరున్నది గ్లిబ్‌సీ 2.35, అక్కడున్నది 2.31. పాతదాని మీద బిల్డ్ చేసింది కొత్తదాని మీద నడుస్తుంది గానీ, కొత్తదాని మీద చేసింది పాతదాని మీద నడుస్తుందన్న నమ్మకం లేదు. దయచేసి సర్వర్‌లో గ్లిబ్‌సీని మాత్రం ముట్టుకోకండి, అది చెడితే ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ కమాండ్ కూడా పనిచేయదు. మారతహళ్లిలో మా టీమ్ ఇదే ఎర్రర్‌తో రెండు రాత్రులు జాగారం చేసింది.

వీల్స్, అంటే ఇన్‌స్టాల్‌కు సిద్ధంగా ఉండే పైథాన్ ప్యాకేజీలు, తయారుచేసే సీఐబిల్డ్‌వీల్ టూల్ పెట్టుకోండి. అది మెనీలినక్స్_2_28 అనే డాకర్ ఇమేజ్‌లో (పాత గ్లిబ్‌సీతో సిద్ధంగా ఉంచిన లినక్స్ వాతావరణంలో) బిల్డ్ చేసి, ఆడిట్‌వీల్ అనే టూల్‌తో సరిచూస్తుంది. ఆ 2_28 అంటే గ్లిబ్‌సీ 2.28 చాలని అర్థం. నంబర్ పేరులోనే ఉండాలని పైథాన్ కమ్యూనిటీ పెప్ 600 అనే ప్రతిపాదన పత్రంలో చర్చించి ఒప్పుకుంది, ఎంత మంచి నిర్ణయమో! విండోస్, మ్యాక్ వీల్స్ మాత్రం ఆయా మెషీన్ల మీదే చేయాలి.