98 నోట్లు ఏరేం, అన్నీ పోయాయి!

ప్రశ్న: అన్నయ్యా, పైడితల్లమ్మ పండక్కి మా మేనల్లుడొచ్చేడు, ఇద్దరం నింటెండో స్విచ్‌లో బాంజో-కజూయీ అనే వీడియో గేమ్ ఆడతన్నాం. అందులో రస్టీ బకెట్ బే అనే లోకంలో 98 నోట్లు (డబ్బులు కాదు, సంగీతం నోట్లు) ఏరేసి ఆ ఇంజిన్ రూమ్‌లో కిందకి పడి చచ్చిపోయేం. మళ్లీ ఎల్తే 0 చూపిస్తంది, నోట్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆడు ఒకటే ఏడుపు. ఏటి చెయ్యాలి? – ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: తమ్ముడూ, ఏటీ పోలేదు, ముందు మేనల్లుడికి ఆ మాట చెప్పు. స్విచ్ ఆన్‌లైన్ అనే చందా సర్వీసులో ఉన్నది 1998లో నింటెండో 64కి వచ్చిన పాత గేమే, అందులో చచ్చినా ఆ లోకంలోంచి బయటికొచ్చినా నోట్లు మళ్లీ మొదట్నుంచి ఏరాలి, కానీ నువ్వు ఒక్క విడతలో ఏరిన ఎక్కువ లెక్క ఏదో అది రాసిపెట్టుకుంటుంది, అంటే నీ 98 భద్రంగా ఉంది. 99 కావాలంటేనే మళ్లీ 99 ఒకేసారి ఏరాలి. (2008లో ఎక్స్‌బాక్స్ 360కి తెచ్చినప్పుడు ఈ బాధ తీసేశారు, ఏరిన నోటు ఏరినట్టే ఉంటుంది.)

అసలు ఆ రెండు నోట్ల కోసం ప్రాణం తీసుకోవక్కర్లేదు. 9 లోకాలు, లోకానికి 100, మొత్తం 900. మంత్రగత్తె గ్రంటిల్డా కోటలో నోట్ల లెక్కని బట్టి తెరుచుకునే తలుపులు 50తో మొదలై 180, 260 అలా పెరుగుతాయి, ఆవిడ దగ్గరికి చేరడానికి 810 చాలు, అంటే లోకానికి సగటున 90. తర్వాత 828 నుంచి 882 దాకా ఉన్న నాలుగు తలుపులూ ఆటలో వాడుకునే గుడ్లు, ఈకలు, ప్రాణం పెంచుకోడానికే. ఆ మంత్రగత్తె ప్రాసలు కట్టి మరీ వెక్కిరిస్తుంటే మా ఇంట్లో పిల్లలు పడీపడీ నవ్వుతారు, అది చూడ్డానికైనా చివరిదాకా ఆడాలి.

ఇకమీదట మాత్రం రస్టీ బకెట్ బేకి వెళ్లగానే ముందు ఇంజిన్ రూమ్ నోట్లే ఏరండి, అప్పుడు పడినా పోయేది తక్కువ. లోపలికెళ్లే ముందు సస్పెండ్ పాయింట్ (ఆటని ఉన్నచోటే దాచుకోవడం) పెట్టుకోండి.

ప్రశ్న: అదే గేమ్‌లో ఫ్రీజీజీ పీక్ అనే లోకంలో మంచు గోడ వెనక ఒక తాళంచెవి కనిపిస్తోంది, ఎలా తియ్యాలండీ? – పలాస నుంచి

జవాబు: మామూలుగా ఆడితే రాదండి. ట్రెజర్ ట్రోవ్ కోవ్ లోకంలో ఇసుక కోట లోపల నేల మీద అక్షరాలుంటాయి కదా, అక్కడ చీట్ కోడ్ కొడితే ఆ గోడ తెరుచుకుంటుంది. తాళంచెవి తీసుకున్నా ఈ గేమ్‌లో దాంతో తెరవడానికి ఏమీ లేదు, 2000లో వచ్చిన రెండో భాగం బాంజో-టూయీలో మాత్రం ఐస్ కీ అనే తాళంచెవితో తెరిచే మంచు పెట్టె ఉంది, దాన్లో మెగా గ్లోబో అనే మాయా వస్తువు దొరుకుతుంది, దాంతో పక్షి కజూయీ డ్రాగన్ అయిపోతుంది. ఆ గేమ్‌కి కావల్సిన తాళంచెవి ఆ గేమ్‌లోనే దొరుకుతుంది లెండి.