రికార్డు ముట్టుకోవద్దంటారు, అభిప్రాయం మాత్రం చెప్పమంటారు

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. మావారికి రికార్డులంటే ప్రాణం. టర్న్‌టేబుల్ కొన్నప్పటి నుంచి రోజూ రాత్రి ఏదో ఒక ఎల్పీ (లాంగ్ ప్లే రికార్డు) పెట్టి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంటారు. ఒక వైపు పూర్తికాగానే ‘ఎలా ఉంది?’ అని అడుగుతారు. ‘బాగుంది’ అంటే ముఖం ముడుచుకుంటారు. ఇంకేదైనా అంటే తప్పు దిద్దుతారు. మొన్న ఒక రికార్డులో చివరి పాట దగ్గర గాయని గొంతు గీరుకుపోతోందని, ‘స’ వచ్చినప్పుడల్లా బుస్సుమంటోందని అన్నాను. ‘ఆవిడ ఎంత గొప్ప గాయనో తెలుసా? నీకు వినడం చేతకాదు’ అన్నారు. అంతకుముందు ఒకసారి ఆయన లేనప్పుడు నేనే రికార్డు పెట్టబోతే ముల్లు జారి గీత పడింది. అప్పటి నుంచి వాటిని ముట్టుకోవద్దన్నారు. ఇప్పుడు రాత్రయ్యేసరికి లేని పని కల్పించుకుని వంటగదిలోనే ఉండిపోతున్నాను. పాటలు నాకూ ఇష్టమే. ఆయన కోసం నచ్చినట్టు నటించాలా?

జవాబు: నటించవద్దమ్మా. మీరు ఇన్నాళ్లుగా చెబుతున్న ‘బాగుంది’ కూడా సగం నటనే. అది ఆయనకు తెలుస్తూనే ఉంది. అందుకే ఆ ముఖం ముడుచుకోవడం.

ముందుగా ఆ చివరి పాట సంగతి. మీ చెవి మిమ్మల్ని మోసం చేయలేదు. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. ముల్లు, అంటే రికార్డు మీది సన్నని గాడి వెంట నడిచే సూది, అంచున ఉన్నా, మధ్యలో లేబుల్ దగ్గర ఉన్నా ఒక చుట్టుకు పట్టేది అదే 1.8 సెకన్లు. కానీ లోపలికి వెళ్లేకొద్దీ చుట్టు చిన్నదవుతుంది. 12 అంగుళాల రికార్డు అంచు దగ్గర ముల్లు కింద సెకనుకు దాదాపు 50 సెంటీమీటర్ల గాడి సాగిపోతే, చివరి పాటకు వచ్చేసరికి అది 20 సెంటీమీటర్ల పైచిలుకుకు పడిపోతుంది. అంతే సంగీతాన్ని సగం కన్నా తక్కువ చోటులో ఇరికించాలన్నమాట. సన్నని, పదునైన ధ్వనులు ముందు దెబ్బతింటాయి. ‘స’, ‘శ’ బుసకొట్టేది అక్కడే. ముల్లు అరిగినా, సరిగ్గా అమర్చకపోయినా ఇది ఇంకా పెరుగుతుంది. కాబట్టి మీ మాటకూ గాయని గొప్పతనానికీ పేచీ లేదు. రికార్డులు సేకరించేవాళ్లు గంటల తరబడి చర్చించుకునే లోపాన్ని ఎవరూ చెప్పకుండానే మీరు పట్టుకున్నారు. నిజానికి ఆ రాత్రి ఆయన మీకు కృతజ్ఞత చెప్పి, ముల్లు ఎలా ఉందో చూసుకోవాల్సింది.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపింది మాత్రం ‘ముట్టుకోవద్దు’ అన్న మాట. రికార్డు ఆయనే ఎంచుతారు, ఆయనే పెడతారు, ఆయనే తిప్పుతారు. మీ వంతు వచ్చేది ప్రశ్న అడిగినప్పుడే. ఏ పాట వినాలో ఎంచుకునే హక్కు లేని మనిషికి ఆ పాట మీద గట్టి అభిప్రాయం ఎలా పుడుతుంది? ఆయనకు తోడు కావాలన్న ఆరాటం ఉంది, దాన్ని నేను తక్కువ చేయను. విన్నది ఎవరితోనైనా చెప్పుకోకపోతే సంగీతం ప్రేమించేవాళ్లకు ఊపిరాడదు. కానీ ఆ తోడును ఆయన శ్రోతల కుర్చీలో కూర్చోబెట్టి కదలనివ్వడం లేదు.

ఇక గీత సంగతి. గాడికి అడ్డంగా పడిన గీత చుట్టుకొకసారి ‘టిక్’ మంటుంది. ముల్లు గీత పడిన చుట్లు దాటగానే ఆ చప్పుడు ఆగిపోతుంది. గీత లోతుగా ఉంటే ముల్లు ఎగిరి వెనక గాడిలో పడి, అదే ముక్క మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. మీది ఏ రకమైనా, దాని గురించి రికార్డు తిరగని వేళ మీరే మాట్లాడండి. ‘ఆ రోజు మీరు లేరు, నాకు పాట వినాలనిపించింది, అందుకే పెట్టాను’ అని చెప్పండి. ఈ మాట ఆయన ఇంతవరకు విని ఉండరని నా నమ్మకం. ఆయన కంట పడింది గీత ఒక్కటే. మీ అంతట మీరే పాట కోసం వెళ్లారన్న సంగతి పడలేదు.

తర్వాత నేర్పమని అడగండి. పెద్ద విద్యేమీ కాదు. రికార్డును అంచు దగ్గర, లేబుల్ దగ్గర మాత్రమే పట్టుకోవాలి, గాడులకు వేళ్లు తగలకూడదు. ముల్లును చేత్తో కాకుండా పక్కనున్న చిన్న మీటతో దించితే, చేయి వణికినా అది మెల్లగా దిగుతుంది. వినడం కాగానే కవరులో పెట్టి నిలువుగా ఉంచాలి, ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. ఇది చేతికి వచ్చాక కొన్ని రాత్రులు రికార్డు మీరు ఎంచండి, ‘ఎలా ఉంది?’ అని మీరే ఆయన్ను అడగండి. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడం ఎంత కష్టమో ఆయనకూ తెలియాలి.

మీరు చెప్పేటప్పుడు తీర్పు ఇవ్వవద్దు. మనసు ఎక్కడ ఆగిందో అది చెప్పండి. రెండో చరణం ముందు వయొలిన్లు ఒక్కసారిగా ఆగినప్పుడు ఏమనిపించింది? మూడో పాటకు విసుగొచ్చి కవరు మీది బొమ్మ చూస్తూ కూర్చున్నారా? అదీ చెప్పండి.

ఈ జవాబు ఆయన చేత కూడా చదివించండి. అయ్యా, ఎల్పీ మార్కెట్లోకి వచ్చింది 1948లోనా, 1949లోనా అన్నది దిద్దదగిన విషయం. 1948 అని దిద్దండి, తప్పులేదు. పాట విన్నప్పుడు మీ భార్యకు ఏమనిపించిందన్నది దిద్దేది కాదు. ‘నీకు వినడం చేతకాదు’ అన్న మాట వెనక్కి తీసుకోండి. అది కూడా ఆమె వంటగదిలో ఉన్నప్పుడు దూరం నుంచి కాదు, ఎదురుగా కూర్చుని.

వినాలని లేని రాత్రి సాకులు వెతక్కుండా ‘ఈ రోజు వద్దు’ అనండమ్మా. మిగతా రోజుల్లో ఒక వైపు చాలు, దాదాపు 20 నిమిషాలు. రెండో వైపు తిప్పాలా వద్దా అన్నది ఇద్దరూ కలిసి అనుకోండి. ఇవన్నీ చేసినా ఆయన ‘ముట్టుకోవద్దు’ అనే మాట మీదే ఉంటే, అది రికార్డులతో వచ్చిన సమస్య కాదు. ఇంట్లో ఇంకా వేటివేటి విషయంలో ఆ మాట వినపడుతోందో గమనించి, ఇద్దరూ కలిసి ఒక కౌన్సెలర్‌ను కలవండి.