చంద్రగిరి కుక్కపిల్లని తెచ్చే ముందు

పర్లాకిమిడి

చిరంజీవి హరికి,

పెదనాన్న ఆశీస్సులు. మన ఒడిశా చంద్రగిరిలో ఉన్న టిబెట్ వాళ్ళ దగ్గర మేస్టిఫ్ పిల్లకి అడ్వాన్సు ఇచ్చేశావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. విశాఖ ఉద్యోగం మానేసి కాశీనగరం జీడితోట నువ్వే చూసుకుంటానన్నప్పుడు బజారంతా చెప్పుకున్నాను. కుక్క కబురు విన్న రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అడ్వాన్సు ఇచ్చేముందు నాకో మాట చెప్పకూడదట్రా?

అది టిబెట్ పీఠభూమి కుక్క. తోడేళ్ళ బారినుంచి గొర్రెల్నీ జడలబర్రెల్నీ, దొంగల బారినుంచి గుడారాల్నీ కాయడానికి అక్కడివాళ్ళు పెంచుకున్నది. ఆ జనంలో కొందరు 1963లో చంద్రగిరిలో స్థిరపడ్డారు. అది కొండమీది ఊరు, కాస్త చల్లదనం ఉంటుంది. వంశధార ఒడ్డున మే నెల సంగతి నీకు నేను చెప్పాలా?

తల్లిని చూడకుండా పిల్లని తేవద్దు. ఎనిమిది వారాలు నిండాలి. పార్వో, డిస్టెంపర్ టీకాలు, మూడు నెలలకి రేబిస్ సూది, పిడుదుల మందు, ఇవన్నీ పశువుల డాక్టరే చెబుతాడు. త్వరగా ఎదగాలని కాల్షియం టానిక్కులు పొయ్యకు, కీళ్ళు చెడతాయి. పెద్దయ్యాక కూడా తిండి రెండు పూటలు పెట్టు. తిన్నవెంటనే పరుగెత్తించావా, కడుపు మెలిపడి గంటల్లో పోతుంది.

ఇక అసలు సంగతి. 1998 ఎండలు నీకు తెలీవు, అప్పటికి నువ్వు పుట్టలేదు. ఒడిశాలో రెండువేల మందికి పైగా వడదెబ్బకి పోయారు. మీ తాతకి అప్పుడు భోటు అని ఇదే జాతి కుక్క ఉండేది. దాని రొప్పు చూడలేక, గొర్రెల బొచ్చు తీసేవాణ్ణి పిలిపించి నున్నగా గొరిగించేశాడు. మనిషి చొక్కా విప్పినట్టు హాయిగా ఉంటుందనుకున్నాడు. పై బొచ్చు ఎండని ఆపుతుందిరా. లోపలి మెత్తటి నూగు వేసవి ముందు దానంతటదే ఊడుతుంది, రోజూ దువ్వి తీస్తే చాలు. గొరిగితే ఎండ నేరుగా చర్మాన్ని కాలుస్తుంది.

వారం తిరక్కుండానే ఒక మధ్యాహ్నం, మిల్లు రేకుల షెడ్డు కింద గొలుసుతో ఉన్న భోటు నేను కేకేస్తే తల ఎత్తలేదు. నాలుక ఇటుక రంగుకి తిరిగింది. నోట్లోంచి జిగట తీగలు సాగుతున్నాయి. లేవబోతే వెనక కాళ్ళు పక్కకి జారిపోయాయి. పనివాళ్ళు తడిగోనె కప్పారు. మంచికే అనుకో, కానీ దానివల్ల లోపలి వేడి బయటికి పోలేదు. గోనె కింద చెయ్యి పెడితే ఒళ్ళు కాలిపోతోంది. అలాంటప్పుడు నీడకి లాగి ఒంటినిండా మామూలు నీళ్ళు పోస్తూ, ఫ్యాను పెట్టి, పోత ఆపకుండానే డాక్టరుకి కబురు పంపాలి. భోటు పొద్దుగూకేలోపు పోయింది. గొరిగిన బొచ్చుని తాత సంచిలో కుక్కి అటకమీద పెట్టాడు. నానమ్మ ఎన్నిసార్లు అడిగినా పారెయ్యనివ్వలేదు.

గొలుసు సంగతి కూడా చెప్పాలి. పగలంతా కట్టేస్తే మొండి, కోపిష్టి అవుతుంది. తోటకి కంచె బాగుచేయించి లోపల వదులు. అల్సేషన్‌లా చెప్పిన మాట వినదు, తనకి తోచిందే చేస్తుంది. రాత్రంతా అరుస్తుంది, పక్కతోట వాళ్ళకి ముందే చెప్పుకో. నా భయమల్లా సవర ఆడవాళ్ళ గురించి. తెల్లారగట్ల నెత్తిన కట్టెలమోపుతో నీ కంచె పక్కనించే కదా వెళ్ళేది. పిల్లగా ఉన్నప్పుడే వాళ్ళ చేత దానికి తిండి పెట్టించు, వాళ్ళ వాసన తెలియనీ. ఎలుగుబంటి మీదకి ఉసిగొల్పే ఆలోచన ఉంటే ఇప్పుడే చెప్పు, నేనే వచ్చి అడ్వాన్సు వెనక్కి అడుగుతాను. జీడిపళ్ళు తిని దానిదారిన అది పోతుంది. కుక్క మొరిగితే చాలు.

షెడ్డుకి రేకులు కొనేవు, వద్దు. తాటాకు కప్పించు, కప్పేవాణ్ణి ఇక్కణ్ణుంచి పంపిస్తాను. కూలి నువ్వివ్వకు. వచ్చే మే నెలంతా నీ తోటలోనే ఉంటాను, మీ పెద్దమ్మకి ఇంకా చెప్పలేదు, నువ్వూ నోరు జారకు.

మీ పెదనాన్న