మలావీ సరస్సు దగ్గర ఈత రానివాళ్లకు ఏముంటుంది?

ఆగస్టులో ఆఫ్రికా దేశం మలావీ రాజధాని లిలాంగ్వేలో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్తున్నామని, అందులో నాలుగు రోజులు మలావీ సరస్సుకు కేటాయించామని, పదేళ్ల పాప తోడుందని, ఇంట్లో ఎవరికీ ఈత రాదని రాశారు. పడవెక్కి ఫోటోలు దిగడం తప్ప అక్కడ చేసేదేముందని మీ ప్రశ్న. చాలా ఉంది. ఉద్యోగం మీద ఆ దేశంలో ఉన్నప్పుడు సెలవు దొరికితే మేం వెళ్లింది ఆ సరస్సుకే. మా ఆవిడకీ ఈత రాదు.

ముందు ప్లాన్ తగ్గించుకోండి. సరస్సు పొడవే దాదాపు 580 కిలోమీటర్లు. ఉత్తరాన ఎన్‌ఖాటా బే, నడుమ లికోమా దీవి, దక్షిణాన కేప్ మెక్లియర్ అంటూ మ్యాప్ చూసి అన్నీ చుట్టేద్దామనుకుంటే నాలుగు రోజులూ ప్రయాణానికే సరిపోతాయి. కేప్ మెక్లియర్ ఒక్కటి పెట్టుకోండి. లిలాంగ్వే నుంచి కారులో నాలుగైదు గంటలు. చీకటి పడేలోపు చేరేలా బయల్దేరండి, రాత్రి ఆ రోడ్ల మీద లైట్లు లేని సైకిళ్లు, మేకలు ఎదురవుతాయి. ఊరి పేరు చెంబె. చుట్టూ ఉన్న కొండలు, ఎదురుగా కనిపించే దీవులు 1980లో ఏర్పడిన నేషనల్ పార్కులోవి. 1984లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

చేర్చిందీ ముఖ్యంగా చేపల కోసమే. వందల రకాల సిక్లిడ్ చేపలున్నాయి, వాటిలో దాదాపు అన్నీ ఈ సరస్సులో తప్ప ఇంకెక్కడా పుట్టవు. మన అక్వేరియం షాపుల్లో ఆఫ్రికన్ సిక్లిడ్ అని అమ్మే నీలం, పసుపు చేపల్లో చాలావాటి సొంతూరు ఇదే. వాటిని చూడాలంటే స్నార్కెలింగ్ చేయాలి. దానికి ఈత అక్కర్లేదు. లైఫ్ జాకెట్ వేసుకుని, మాస్క్ పెట్టుకుని, పడవ పక్కనే బోర్లా తేలితే చాలు. థంబీ వెస్ట్ దీవి, ఆటర్ పాయింట్ దీనికి మంచి చోట్లు. మా ఆవిడ మొదట పడవ అంచు వదల్లేదు. కాసేపటికి ఎంత పిలిచినా తల పైకెత్తలేదు! బండల సందుల్లో ఒక తల్లి చేప చుట్టూ బియ్యపు గింజలంత పిల్లలు ఆడుకుంటున్నాయి. మా నీడ పడగానే అది నోరు తెరిచింది, పిల్లలన్నీ బిలబిలా లోపలికి దూరిపోయాయి. ఈ చేపల్లో చాలా రకాలు గుడ్లు పొదిగేదీ పిల్లల్ని కాచేదీ నోట్లోనే. మీ పాపకు ఇది తప్పకుండా చూపించండి.

మీరు వెళ్లేది ఆగస్టు కాబట్టి గాలి సంగతి చెప్పాలి. మే నుంచి ఆగస్టు దాకా ఆగ్నేయం నుంచి మ్వేరా అనే గాలి వీస్తుంది. అది లేచిందంటే సరస్సు కాస్తా సముద్రమే. నీళ్లలో పనులన్నీ పొద్దున్నే పెట్టుకోండి, పడవవాడు ఇవాళ వద్దంటే బేరమాడకండి. కయాక్ కూడా అంతే. ఇద్దరు కూర్చునేవి అద్దెకిస్తారు, మీరు మాత్రం గైడ్‌తోనే, ఒడ్డు వదలకుండా తిరగండి.

గాలి రోజున ఊరి వెనక కొండ ఎక్కొచ్చు. 1875లో ఇక్కడికొచ్చిన స్కాట్లాండ్ మిషనరీలు మలేరియా దెబ్బకు మకాం ఉత్తరానికి మార్చుకున్నారు, వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. మలేరియా కూడా ఇంకా ఉంది, మాత్రల గురించి బయల్దేరే ముందే డాక్టర్‌తో మాట్లాడండి. సాయంత్రం పడవలో వెళ్తే ఫిష్ ఈగిల్ గద్దల్ని చూపిస్తారు. పడవవాడు ఈల వేసి చేప విసిరితే చెట్టు మీంచి దూకి నీటి మీదే తన్నుకుపోతుంది. ఫోటోకి మాత్రం ఒకే క్షణం దొరుకుతుంది.

ఇక అందరూ దాటేసే విషయం బిల్హార్జియా. నీళ్లలోని నత్తల నుంచి వచ్చే పురుగు చర్మం గుండా ఒంట్లోకి చేరుతుంది. నాచు, రెల్లు పెరిగిన ఒడ్డున దిగకండి. పడవలో వెళ్లి లోతు చోట, బండల దగ్గర దిగితే ముప్పు తగ్గుతుంది, పూర్తిగా పోదు. టెన్షన్ పడాల్సిన పని లేదు, ప్రాజిక్వాంటెల్ అనే మందుంది. కానీ వచ్చిన మర్నాడే వేసుకుంటే లాభం లేదు, లేత పురుగుల మీద అది సరిగా పనిచేయదు. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి పరీక్ష చేయించుకోండి. ఎక్కడికి వెళ్లొచ్చారో చెప్పండి, చెప్పకపోతే మన దగ్గర డాక్టర్లకు ఇది తట్టదు.

మొసళ్లు, నీటిగుర్రాలు ఏటి మొగల దగ్గర, రెల్లు పొదల్లో ఉంటాయి. ఫలానా చోట దిగొచ్చా అని ఊళ్లోవాళ్లనే అడగండి. తిండికి చాంబో చేప వేపుడు, ఎన్‌సిమా దొరుకుతాయి. ఎన్‌సిమా అంటే మొక్కజొన్న పిండి సంకటే. శాకాహారులైతే బీన్స్ కూరతో సరిపెట్టుకోవాలి, కాబట్టి లిలాంగ్వేలోనే పచ్చడి సీసా ఒకటి సర్దుకోండి. డబ్బు కూడా అక్కడే క్వాచాల్లోకి మార్చుకుని చిల్లర నోట్లు దగ్గరుంచుకోండి, పడవవాళ్ల దగ్గర కార్డులు నడవవు.