ఐసీయూ రిపోర్టులో తెల్ల కణాల లెక్క

ప్రశ్న: మా మామగారికి 68 ఏళ్లు. చాలాకాలంగా షుగర్ ఉంది. మూత్రనాళంలో రాయి అడ్డుపడి కిడ్నీలో చీము చేరింది. చలిజ్వరంతో మొదలై ఒక్క రాత్రిలో బీపీ పడిపోవడంతో చెన్నైలోనే ఒక ఆసుపత్రి ఐసీయూలో చేర్చాము. సెప్సిస్ అన్నారు. ఆ రోజే స్టెంట్ వేసి చీముకు దారి చేశారు. మొదటి రోజు తెల్ల కణాలు 18,000, వాటిలో లింఫోసైట్లు 3 శాతం. ఐదో రోజుకు మొత్తం 9,000కు దిగింది, లింఫోసైట్లు 6 శాతమయ్యాయి, జ్వరం కూడా లేదు. గండం గడిచిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాము. డాక్టరుగారు మాత్రం ఇమ్యూనిటీ బాగా దెబ్బతిన్నది, ఇంకా జాగ్రత్తగా ఉండాలి అంటున్నారు. ఇన్ఫెక్షన్ మీద పోరాడుతున్న శరీరంలో ఇమ్యూనిటీ ఎందుకు తగ్గుతుంది? వారు ఇస్తున్న స్టెరాయిడ్ వల్లనా? ఇమ్యూనిటీ పెంచే ఇంజెక్షన్ ఏదైనా ఇమ్మని అడగవచ్చా? బంధువులు నిలవేంబు కషాయం ట్యూబులో పోయించమంటున్నారు.
– ఒక పాఠకురాలు, పెరంబూరు

జవాబు: అమ్మా, మీరు అంకెలు రాసి పంపడం చాలా మంచిదైంది. మీ డాక్టరుగారు ఎందుకు ఆచితూచి మాట్లాడుతున్నారో ఆ అంకెలే చెబుతున్నాయి. లింఫోసైట్లను శాతంగా కాక సంఖ్యగా లెక్కవేసి చూడండి. మొదటి రోజు 18,000లో 3 శాతం అంటే 540. ఐదో రోజు 9,000లో 6 శాతం అన్నా 540 మాత్రమే. శాతం రెట్టింపైంది కాని రక్తంలో ఆ కణాలు ఒక్కటి కూడా పెరగలేదు. పెద్దవారిలో ఒక మైక్రోలీటరు రక్తంలో ఇవి సుమారు 1,000 నుంచి 4,000 దాకా ఉండాలి. తగ్గిన 9,000 కణాలు దాదాపుగా న్యూట్రోఫిల్స్, అంటే చీమును తయారుచేసే తొలి వరుస కణాలు. అవి తగ్గడం మంచి వార్తే, అందులో సందేహం లేదు. స్టెంట్ వేసి చీమును వదిలించడం, సరైన యాంటీబయాటిక్ పడడం ఫలించాయని దాని అర్థం. అయితే అది సగం కథ మాత్రమే.

సెప్సిస్ అంటే రక్తంలో సూక్ష్మజీవులు చేరడం అని చాలామంది అనుకుంటారు. 2016లో అంతర్జాతీయ నిపుణులు ఇచ్చిన నిర్వచనం ప్రకారం, ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించడం వల్ల అవయవాలు ప్రాణాపాయం కలిగేంతగా దెబ్బతినడమే సెప్సిస్. మామూలు ఇన్ఫెక్షన్‌లో మంట ఒక చోట రాజుకుంటుంది, పని అయ్యాక చల్లారుతుంది. సెప్సిస్‌లో ఆ మంట ఒళ్లంతా పాకుతుంది. రక్తనాళాలు సడలి బీపీ పడిపోతుంది, కిడ్నీలు, ఊపిరితిత్తులు మొరాయిస్తాయి. మీ మామగారికి మొదటి రాత్రి జరిగింది అదే.

ఒకప్పుడు వైద్యులు కూడా ఈ మంట ఒక్కటే శత్రువని నమ్మారు. 1990లలో దాన్ని ఆర్పడానికి రకరకాల మందులను రోగులలో పరీక్షించారు. మంటను రేపే టీఎన్ఎఫ్ అనే రసాయనాన్ని అడ్డుకునే ప్రతిదేహాలు (యాంటీబాడీలు) వాటిలో ముఖ్యమైనవి, అవి ఆశించిన ఫలితం ఇవ్వలేదు. రక్తం గడ్డకట్టకుండా చేస్తూ మంటనూ తగ్గిస్తుందని 2001లో అమెరికాలో అనుమతి పొందిన డ్రోట్రెకోజిన్ ఆల్ఫా కూడా తర్వాతి పరీక్షలో ప్రాణాలు నిలపలేదని తేలడంతో 2011లో మార్కెట్ నుంచి వెనక్కి పోయింది. ఎందుకిలా అవుతున్నదన్న ప్రశ్నకు జవాబు రోగుల శరీరంలోనే దొరికింది. 2011లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో, ఐసీయూలో సెప్సిస్‌తో మరణించిన 40 మంది ప్లీహాన్ని, ఊపిరితిత్తులను కుటుంబాల అనుమతితో మరణించిన కొద్ది గంటలలోపే తీసి పరీక్షించారు. ప్లీహంలోని కణాలను ఎంత రెచ్చగొట్టినా అవి విడుదల చేసిన రక్షక రసాయనాలు, సెప్సిస్ లేనివారి కణాలు విడుదల చేసినదానిలో పదో వంతుకు కూడా చేరలేదు. మరణించే నాటికి వారి శరీరాలలో మంట కంటే అలసటే ఎక్కువగా ఉందన్నమాట. అంతటి దుఃఖంలో అనుమతి ఇచ్చిన ఆ కుటుంబాలకు ఈనాటి ఐసీయూ వైద్యం ఎంతో రుణపడి ఉంది.

ఈ అలసట రక్తకణాలలో ఇలా కనిపిస్తుంది. లింఫోసైట్లు పెద్ద సంఖ్యలో తమంతట తామే చనిపోతాయి. కణం లోపల ముందే అమర్చి ఉన్న ఆత్మనాశన ఏర్పాటు ఒకటి ఉంటుంది, సెప్సిస్‌లో అది అకాలంలో మేల్కొంటుంది. ఇతర రక్షక కణాలకు ఆజ్ఞలిచ్చే సీడీ4 కణాలు, వైరస్ సోకిన కణాలను చంపే సీడీ8 కణాలు (ఈ రెండూ టీ కణాలనే లింఫోసైట్లు), ప్రతిదేహాలను తయారుచేసే బీ కణాలు, మూడూ నష్టపోతాయి. పోరాటాన్ని ఆపమని చెప్పే నియంత్రక టీ కణాలు మాత్రం అంతగా చావవు కాబట్టి మిగిలిన కణాలలో వాటి వాటా పెరుగుతుంది. బతికి ఉన్న టీ కణాల మీద పీడీ1 అనే పగ్గం వంటి అణువు ఎక్కువగా మొలిచి, వాటిని ఉన్నచోటే కట్టిపడేస్తుంది. ఇంతకంటే బాధాకరమైనది మరొకటి ఉంది. చచ్చిన లింఫోసైట్లను మింగిన మాక్రోఫేజ్ కణాలు కూడా ఆ తర్వాత మందకొడిగా తయారవుతాయి. ఒక రకం కణాల చావు మరో రకం కణాలను నిర్వీర్యం చేస్తుంది.

మోనోసైట్లు అనే మరో రకం తెల్ల కణాల సంగతి వేరు. వాటి సంఖ్య సరిగానే ఉండవచ్చు, పనితనమే పోతుంది. మోనోసైటు తాను మింగిన సూక్ష్మజీవి ముక్కను హెచ్ఎల్ఏ-డీఆర్ అనే అణువు మీద పెట్టి టీ కణాలకు చూపుతుంది. అది చూసే టీ కణాలు శత్రువును గుర్తుపడతాయి. సెప్సిస్‌లో ఈ అణువు మోనోసైటు ఉపరితలం నుంచి తగ్గిపోతుంది. కొన్ని రోజులు గడిచినా తిరిగి పెరగకపోతే ఆ రోగికి కొత్త ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం ఎక్కువ. దీన్ని ఫ్లో సైటోమెట్రీ అనే యంత్రంతో కొలవవచ్చు. రక్త క్యాన్సర్ నిర్ధారణకు వాడేది కూడా ఆ యంత్రమే. కాని సెప్సిస్ రోగులందరికీ రోజూ చేసే పరీక్షగా ఇది ఇంకా స్థిరపడలేదు, అందువల్ల మీ ఆసుపత్రిలో చేయలేదని ఆందోళన పడవద్దు. రోజువారీ రిపోర్టులో మీరే లెక్కవేయగల లింఫోసైట్ల సంఖ్య కూడా చాలా చెబుతుంది. నాలుగో రోజు దాటినా అది బాగా తక్కువగానే ఉన్నవారిలో తర్వాతి ఇన్ఫెక్షన్లు, మరణాలు ఎక్కువని పరిశీలనల్లో తేలింది. అది ప్రమాదాన్ని సూచించే అంకె మాత్రమే, మీ మామగారి గతి ఇదీ అని చెప్పేది కాదు.

న్యూట్రోఫిల్స్ గురించి క్లుప్తంగా చెబుతాను. గిరాకీ ఎక్కువై ఎముక మూలుగ పక్వం కాని కణాలను కూడా రక్తంలోకి పంపుతుంది. రిపోర్టులో బ్యాండ్ కణాలు అని కనిపించేవి ఇవే. ఇవి పెరుగుతూ ఉంటే మొత్తం సంఖ్య మామూలుగా ఉన్నా ఇన్ఫెక్షన్ అణగలేదేమోనని అనుమానించాలి.

జ్వరం లేకపోవడం కూడా రెండంచుల కత్తే. వయసు మళ్లినవారిలో, షుగర్ ఉన్నవారిలో, రక్షణ వ్యవస్థ అలసిన తర్వాత, ఒళ్లు వేడెక్కకుండానే ఇన్ఫెక్షన్ ముదరవచ్చు. సెప్సిస్‌లో ఒంటి వేడి మామూలు కంటే తగ్గిపోవడం జ్వరం కంటే చెడ్డ సూచన. కాబట్టి ఉష్ణోగ్రతతో పాటు బీపీ మందు మోతాదు తగ్గుతున్నదా, మూత్రం వస్తున్నదా, మనిషి మాటకు స్పందిస్తున్నారా, అవయవాలకు రక్తం చాలనప్పుడు పెరిగే లాక్టేట్ దిగుతున్నదా అని డాక్టరుగారిని అడగండి. ఈ నాలుగూ మెరుగవుతుంటే మీరు ఆశ పెట్టుకోవచ్చు.

స్టెరాయిడ్ గురించి మీ అనుమానం అర్థం లేనిదేమీ కాదు. హైడ్రోకార్టిసోన్ లింఫోసైట్లను తగ్గిస్తుంది, షుగర్‌ను పెంచుతుంది, న్యూట్రోఫిల్స్ సంఖ్యను కూడా పైకి నెట్టి రిపోర్టును చదవడం కష్టం చేస్తుంది. ఇంత తెలిసీ ఇవ్వడానికి కారణం ఉంది. ద్రవాలు ఎక్కించి, బీపీ మందు పెట్టినా రక్తపోటు నిలవని రోగికి రోజుకు 200 మిల్లీగ్రాముల మోతాదులో ఇస్తే షాక్ నుంచి త్వరగా బయటపడతారు. మొదటి రోజే లింఫోసైట్లు 540 ఉన్నాయి కనుక వాటి పతనానికి మొదటి కారణం సెప్సిస్సే. బీపీ కుదురుకున్నాక స్టెరాయిడ్ ఎప్పుడు ఆపుతారని మాత్రం తప్పకుండా అడగండి.

ఇక ఇమ్యూనిటీ ఇంజెక్షన్. ఈ దిశగా నిజాయితీ గల ప్రయత్నాలు జరిగాయి. 1997లో జర్మనీ వైద్యులు 9 మంది రోగులకు ఇంటర్ఫెరాన్ గామా ఇచ్చి, మోనోసైట్ల మీద హెచ్ఎల్ఏ-డీఆర్ తిరిగి పెరగడం చూశారు. 2018లో వెలువడిన మరో పరీక్షలో 27 మంది పాల్గొన్నారు. ఇంటర్‌ల్యూకిన్-7 అందుకున్నవారిలో లింఫోసైట్లు మూడు నాలుగు రెట్లు పెరిగాయి. నాకు ఈ దారి మీద ఆశ ఉంది. కాని కణాలు పెరగడం వేరు, ప్రాణం నిలవడం వేరు. అంత చిన్న పరీక్షలు రెండోదాన్ని రుజువు చేయలేవు. అందుకే ఇవి పరిశోధనల వెలుపల వాడకంలోకి రాలేదు. ప్రతిదేహాలతో చేసిన ఖరీదైన ఇమ్యునోగ్లోబులిన్‌ను సెప్సిస్‌కు వాడవద్దనే 2021 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచించాయి. సిరలోకి ఎక్కించే విటమిన్ సి కూడా అంతే. 2022లో 872 మంది ఐసీయూ రోగులపై వెలువడిన పరీక్షలో, విటమిన్ సి పొందినవారిలోనే మరణమో, అవయవాల వైఫల్యమో ఎక్కువగా కనిపించింది. దయచేసి అప్పు చేసి వీటిని కొనవద్దు.

నిలవేంబు, మన నేలవేము, చెన్నైలో డెంగీ రోజుల్లో ఇంటింటా కాచేదే. పెద్దలు ప్రేమతో చెబుతున్నారని నాకు తెలుసు. అయినా కిడ్నీలు దెబ్బతిని, పలు మందులు నడుస్తున్న రోగికి వైద్యులకు తెలియని ఏ కషాయమూ ట్యూబులో పోయకూడదు. మీ చేతిలో ఉన్న సాయం మరొకటి ఉంది. ఈ దశలో ఆయనను బాధించగలవి బయటి క్రిములు, ముఖ్యంగా ఐసీయూలలో తిష్ఠవేసే అసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా వంటి మొండి బాక్టీరియా, క్యాండిడా అనే ఫంగస్. యాంటీబయాటిక్స్‌కు లొంగని క్రిముల గురించి 2012లో దేశంలోని వైద్య సంఘాలు చెన్నైలోనే సమావేశమై చెన్నై డిక్లరేషన్ అనే కార్యాచరణను రూపొందించాయంటే సమస్య తీవ్రత అర్థమవుతుంది. చూడడానికి ఒక్కరే వెళ్లండి, ముట్టుకునే ముందూ తర్వాతా చేతులు శుభ్రం చేసుకోండి, జలుబు ఉన్నవారిని ఇంటి దగ్గరే ఉండమనండి. మూత్రం గొట్టం, మెడలోని సెలైన్ గొట్టం ఇంకా అవసరమా అని రోజుకొకసారి మర్యాదగా అడగండి. అవసరం తీరిన గొట్టం ఒక్క రోజు ముందు తీసినా ఒక ప్రవేశద్వారం మూసినట్లే.

ప్రశ్న: మా తమ్ముడికి 34 ఏళ్లు. న్యుమోనియాతో సెప్సిస్ వచ్చి మూడు వారాలు ఐసీయూలో ఉండి ఇంటికి వచ్చాడు. ఆరు వారాలకే మళ్లీ న్యుమోనియా వచ్చింది. మొదటి ఆసుపత్రిలో సరిగా నయం చేయలేదని ఇంట్లో గొడవగా ఉంది.
– ఒక పాఠకుడు, క్రోంపేట

జవాబు: వైద్యంలో లోపమని దీన్నిబట్టి చెప్పలేము. పైన చెప్పిన అలసట ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజే తీరిపోదు, కొందరిలో వారాలు, నెలలు ఉంటుంది. అమెరికాలో సెప్సిస్ నుంచి బయటపడినవారిలో సుమారు 40 శాతం మంది 90 రోజులలోపే మళ్లీ ఆసుపత్రిలో చేరుతున్నారు. కొత్త ఇన్ఫెక్షన్లు అందుకు ముఖ్యమైన కారణం. మీ తమ్ముడి లింఫోసైట్ల సంఖ్యను ఇప్పుడొకసారి, నెల తర్వాత మరోసారి చూపించండి. కోలుకున్నాక, ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యేలోగా, ఫ్లూ టీకా, న్యుమోకాకల్ టీకా గురించి ఛాతీ వైద్యునితో మాట్లాడండి. తగినంత మాంసకృత్తులున్న తిండి, మెల్లమెల్లగా పెంచే నడక అవసరం, ఐసీయూలో కరిగిన కండ తిరిగి రావడానికి సమయం పడుతుంది. పొగ తాగే అలవాటుంటే ఇక ముట్టకూడదు.

చలితో వణుకు, ఆయాసం, మాట తడబాటు, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా అత్యవసర విభాగానికి తీసుకువెళ్లి, లోపలికి అడుగుపెడుతూనే ‘ఇతనికి ఇంతకుముందు సెప్సిస్ వచ్చింది’ అని చెప్పండి. డిశ్చార్జి కాగితం ఒక నకలు ఫోనులో ఉంచుకోండి.