స్పాన్సర్ లింకు నొక్కితే ఎర్ర పేజీ వస్తోందా? వెంటనే లింకు తీసేయకండి

ప్రశ్న: “నా హాబీ వెబ్‌సైట్‌లో స్పాన్సర్ లింకు నొక్కితే కొందరికి యాంటీవైరస్ ‘ప్రమాదకరమైన సైట్’ అని అడ్డుకుంటోంది. నాకు మాత్రం మామూలుగానే తెరుచుకుంటోంది. ఆ లింకు తీసేయాలా?”

తీసేయకండి. ముందు పరీక్షించి చూడండి. భయపడి అందరూ మొదట చేసే పని తీసేయడమే. ఏమీ చూడకుండా తీసేశారంటే ఆ హెచ్చరిక నిజమేనని మీరే ఒప్పుకున్నట్టు. మీ సైట్‌కు డబ్బు పెట్టిన మనిషిని నడిరోడ్డు మీద వదిలేసినట్టు కూడా.

నేను మిద్దెతోటల మీద ఒక చిన్న సైట్ నడుపుతున్నాను. హైదరాబాద్ ఎండలకు షేడ్ నెట్ ఎప్పుడు కట్టాలి, బెండకు తెల్లదోమ పడితే వేపనూనె ఎలా కొట్టాలి, కోకోపీట్‌లో ఏమేం కలపాలి, ఇలాంటివే రాస్తాను. హోస్టింగ్ ఖర్చు, అంటే సైట్‌ను ఇంటర్నెట్‌లో ఉంచే సర్వర్ అద్దె, కడియం వైపు నర్సరీ నడిపే ఒకాయన భరిస్తారు. దానికి బదులుగా పేజీ పక్కన ఆయన నర్సరీ బొమ్మ ఉంటుంది. నొక్కితే ఆయన అమ్మే మొక్కల జాబితా వస్తుంది. పాప్-అప్‌లు లేవు, ఎవరి వివరాలూ అడగడం లేదు.

తొలకరికి ముందు, జనం నారు కోసం, గ్రో బ్యాగుల కోసం వెతికే రోజుల్లో వరంగల్ నుంచి ఒక రిటైర్డ్ టీచర్ గారు ఫోన్ చేశారు. “బాబూ, నీ సైట్‌లో నర్సరీ బొమ్మ నొక్కగానే తెరంతా ఎర్రగా అయిపోయింది. నా వివరాలు దొంగిలిస్తారని రాసి ఉంది. నా పెన్షన్ వచ్చే బ్యాంకు యాప్ కూడా ఈ ఫోన్లోనే ఉంది. కార్డు ఆపించేయమంటావా?” అన్నారు. ఆవిడ గొంతు వణుకుతోంది. ఏమీ కాలేదమ్మా అని ఎంత చెప్పినా టెన్షన్ తగ్గలేదు. రోజూ పేపర్లో ఓటీపీ మోసాలు, డిజిటల్ అరెస్టులు చదివే మనిషి తెర మీద కనిపించేదాన్ని నమ్ముతుందా, నా మాట నమ్ముతుందా? అప్పటికే మా వాట్సాప్ గ్రూపులో ‘ఆ లింకు ఎవరూ నొక్కకండి’ అని పెట్టేశారు. మంచి మనసుతోనే పెట్టారు. అది అక్కడి నుంచి ఇంకెన్ని గ్రూపులకు పాకిందో!

సాయంత్రానికల్లా నర్సరీ ఆయన ఫోన్. “ఏవండీ, మేం మొక్కలమ్ముకునేవాళ్లమండి. మా తాతగారి కాలం నుంచీ ఇదే పనండి. మా దగ్గర వైరస్ ఏంటండీ బాబూ?” ఆర్డరు పెట్టి డబ్బు కట్టినవాళ్లలో ఒకరు వెనక్కి ఇచ్చేయమన్నారట. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. కానీ సీజన్‌లో పోయిన పేరు సీజన్ అయ్యాక తిరిగొస్తే ఏం లాభం? నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ లింకును వైరస్‌టోటల్‌లో పెట్టి చూశాను. మీరూ ముందు ఆ పనే చేయండి. 2004లో స్పెయిన్‌లో మొదలైన సేవ అది, 2012లో గూగుల్ కొనుక్కుంది. డెబ్బైకి పైగా భద్రతా సంస్థలు ఆ లింకు గురించి ఏమంటున్నాయో ఒకేచోట చూపిస్తుంది. మాకు వాటిలో ఒక్కటే ‘ఫిషింగ్’ (నకిలీ పేజీతో వివరాలు దొంగిలించే మోసం) అంది, మిగతావన్నీ శుభ్రంగానే ఉందన్నాయి. ఆ ఒక్కటి వాడేవాళ్లకే ఎర్ర పేజీ. మీకు మామూలుగా తెరుచుకుని వేరేవాళ్లకు తెరుచుకోకపోవడానికి కారణం ఇదే కావచ్చు.

ఎందుకలా అన్నారో ఆ కంపెనీ ఇప్పటికీ చెప్పలేదు. కానీ కారణం ఇదేనని నా అనుమానం. నర్సరీ సైట్ ఉన్నది చవక షేర్డ్ హోస్టింగ్ మీద. అంటే ఒకే ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో సర్వర్‌కు ఉండే నంబరు) మీద వందల సైట్లు. వాటిలో ఒకదాన్ని ఎవరో హ్యాక్ చేసి నకిలీ బ్యాంకు పేజీ పెడితే చిరునామా మొత్తానికి మచ్చ పడవచ్చు. అపార్ట్‌మెంట్‌లో ఒక ఫ్లాట్‌లో దొంగ దొరికాడని అన్ని ఫ్లాట్ల తలుపుల మీదా ‘దొంగ’ అని రాసినట్టు. దానికి తోడు నర్సరీ కుర్రాడు ఎంతమంది నొక్కారో లెక్క కోసం షార్ట్ లింకు, అంటే అసలు చిరునామా కనిపించకుండా కుదించిన లింకు, వాడాడు. మోసగాళ్లూ అవే షార్ట్ లింకులు వాడతారు కాబట్టి ఫిల్టర్లకు అవంటే ముందే అనుమానం.

తప్పుగా ఆపారని చెప్పే ఫారం నింపాను. ఆటోమేటిక్ జవాబు వచ్చింది, మనిషి మాత్రం ఎవరూ పలకలేదు. కొన్నాళ్లకు హెచ్చరిక దానంతటదే పోయింది. సారీ లేదు, వివరణ లేదు. పైగా ఈ జాబితాలను ఒకరి దగ్గర ఇంకొకరు తీసుకుంటారు. అక్కడ తీసేసినా నర్సరీ లింకు ఒక ఆఫీసు వైఫైలో చాలాకాలం ఆగిపోతూనే ఉంది.

ఇలాంటి పొరపాటే పెద్ద కంపెనీల దగ్గర జరిగితే? 2009 జనవరి 31న గూగుల్ తన చెడ్డ సైట్ల జాబితాలో పొరపాటున ఒక్క ‘/’ గుర్తు చేర్చింది. ఆ గుర్తు అన్ని చిరునామాల్లోనూ ఉంటుంది కదా, దాంతో వెతుకులాటలో వచ్చిన ప్రతి సైటూ మీ కంప్యూటర్‌కు హాని చేయవచ్చంటూ కనిపించింది. గంటలోపే సరిచేశారు, బహిరంగంగా ఒప్పుకున్నారు. 2022 సెప్టెంబరులో మాల్‌వేర్‌బైట్స్ అనే యాంటీవైరస్ ఏకంగా గూగుల్‌నే అడ్డుకుంది, అదీ త్వరగానే సరిచేశారు. 2023 మార్చిలో మైక్రోసాఫ్ట్ వాళ్ల భద్రతా సాఫ్ట్‌వేర్ డిఫెండర్ మంచి లింకులను ప్రమాదకరమని చెప్పింది, దాన్నీ అదే రోజు చక్కదిద్దారు. కడియం నర్సరీకి మాత్రం సీజన్ పోయేదాకా పలికేవాడు లేడు. సైట్‌ను జాబితాలో పెట్టే ముందు యజమానికి ఒక్క మెయిల్ పంపాలన్న నియమం ఉండాలని నా గట్టి అభిప్రాయం. అసలు మోసగాడికి ముందే తెలిసిపోతుందని యాంటీవైరస్ కంపెనీలవాళ్లంటారు. ఏళ్ల తరబడి ఒకే పేరుతో, ఫోన్ నంబరు, చిరునామాతో నడుస్తున్న సైట్‌కు కూడా అదే మాటా?

ఇంకో బాధ కూడా చెప్పాలి. కొత్త ల్యాప్‌టాప్‌తో వచ్చే ట్రయల్ యాంటీవైరస్‌లు గడువు అయ్యాక ‘మీరు ప్రమాదంలో ఉన్నారు’ అని రోజూ భయపెడతాయి. నకిలీ హెచ్చరికలూ అచ్చం అలాగే ఉంటాయి. పెద్దవాళ్లు ఏది నమ్మాలి, ఏది వదలాలి?

అయితే హెచ్చరిక ప్రతిసారీ అబద్ధమే అనుకోకండి. ముందు స్పాన్సర్ సైట్‌ను వేరే ఫోన్‌లో, మొబైల్ డేటా మీద, గూగుల్‌లో వెతికి తెరవండి. వర్డ్‌ప్రెస్ (సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) సైట్లను హ్యాక్ చేసేవాళ్లు చాలాసార్లు గూగుల్ నుంచి ఫోన్‌లో వచ్చినవాళ్లనే వేరే చోటికి మళ్లిస్తారు, యజమానికి ఏమీ కనిపించదు. అలాంటిదేమైనా ఉంటే అది శుభ్రమయ్యేదాకా లింకు ఆపి ఉంచాల్సిందే.

ఏమీ లేదని తేలితే షార్ట్ లింకు తీసి అసలు చిరునామా పెట్టండి. బొమ్మ ఫైలు పేరులో ‘బ్యానర్’, ఫోల్డరు పేరులో ‘యాడ్స్’ ఉంటే మార్చండి, యాడ్ బ్లాకర్లు పేరు చూసే మాయం చేస్తాయి. లింకుకు ‘స్పాన్సర్డ్’ అనే గుర్తు పెడితే హెచ్చరిక పోతుందని కొందరు సలహా ఇస్తారు. అది 2019లో గూగుల్ సెర్చ్ కోసం తెచ్చిన గుర్తు, పెట్టడం మంచిదే కానీ యాంటీవైరస్‌కు దానితో పని లేదు. మీ సైట్ మీదే గూగుల్ ఎర్ర పేజీ పెడితే, సైట్ యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో భద్రతా సమస్యల విభాగం చూసి, అక్కడే సమీక్ష కోరండి.

వైరస్‌టోటల్‌లో ఎవరు తప్పు పట్టారో ఆ కంపెనీకే ఫారం పంపండి. అసలు లింకు, హెచ్చరిక స్క్రీన్‌షాట్, తేదీ, ఆ వ్యాపారం ఏమిటో రెండు వాక్యాలు చాలు. స్పాన్సర్ చేత కూడా విడిగా పంపించండి. ఐపీ మార్చమని ఆయన హోస్టింగ్ వాళ్లను అడగమనండి. జవాబు రాకపోతే మళ్లీ పంపండి. ఈలోగా ఆ బొమ్మ కిందే స్పాన్సర్ ఫోన్ నంబరు రాసి పెట్టండి, మొక్కలు కావాల్సినవాళ్లు నేరుగా ఫోన్ చేసి తెప్పించుకుంటారు.